బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడు

పూర్వకాలమున తలిదండ్రులను గోల్పోయిన బిడ్డకు బంధువులే దిక్కు. మేనమామయో, పినతండ్రియో చేరదీసినచో ఆ బిడ్డ పెరిగి పెద్దదగును. అట్టివారు లేనినాడు సత్రపు అరుగులే ఇల్లు, ఒరులు పెట్టిన పిడికెడు మెతుకులే భోజనము. కరవు వచ్చినపుడు ఇట్టి బిడ్డల సంఖ్య మిక్కుటమగుచుండెడిది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో వ్యాపించిన మహాక్షామమున లక్షలకొలది జనులు మడిసిరి. చచ్చినవారి లెక్కయే సరిగా తేలనపుడు మిగిలిన పసివాండ్రను లెక్కించువారెవరు? క్రైస్తవ మతాచార్యులు కొన్ని తావుల అనాథశాలలు పెట్టి బిడ్డలను ఆదుకొనిరి. హిందూసంఘమున ధర్మబుద్ధి గలవారు లేకపోలేదు. సత్రములు కట్టించినవారును, చెరువులు త్రవ్వించినవారును పెక్కుమంది కలరు. కాని ఏ కులమున పుట్టెనో తెలియని బిడ్డను ఇంట చేర్చి, తన పంక్తిని కూర్చుండబెట్టుకొని అన్నము పెట్టుటకు ఎవరును ముందునకు రాలేదు. అన్నము పెట్టుట పుణ్యము. కలసి తినుట దోషము. ఆనాటి న్యాయమట్టిది.

ఆడుబిడ్డల గతి ఇంకను దారుణము. దిక్కులేని బాలికలను పెంపునకు తీసికొని, ఆటపాటలు నేర్పి, దేవదాసీవృత్తిలో దింపు వాడుక కోస్తాజిల్లాలలో బహుకాలమునుండి యుండెను. చూచువారికి అది పెంపకమువలెనే కనబడెడిది. బిడ్డకు మాత్రము దానినుండి బయటపడు త్రోవ లేదు. ఈ దురాచారమును చట్టము నిషేధించినది 1947లో. దానికి అర్ధశతాబ్దికి పూర్వమే దీనిపై కత్తిగట్టిన మహనీయుడు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు.

నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. దండు కదలిన చోటికెల్ల కుటుంబము కదలవలసియుండుటచే బాలుని చదువు కొంతకాలము ఉత్తరాదిని, పిమ్మట హైదరాబాదున జరిగెను. తెలుగు పిల్లవానికి హిందీ, ఉర్దూ, పారసీ భాషలు పరిచితములైనది ఈ విధముననే. ఒక ఊరివాడు కాక పలు ఊళ్ల నీరు త్రాగి పెరిగినవాడగుటచే కాబోలు, మా ఊరు, మా వాడ అను అభిమానము ఆయనయందు ఎన్నడును బలపడలేదు. ఉన్నతవిద్యకై మద్రాసు క్రైస్తవకళాశాలలో చేరి, విలియం మిల్లరు దొరగారి శిష్యులైరి. మిల్లరుగారు శిష్యులకు పాఠముతోపాటు నడవడియు నేర్పిన గురువు. ఆ గురువుయొక్క ప్రభావము నాయుడుగారిపై జీవితాంతము నిలిచెను.

మద్రాసులోనే ఆయన బ్రహ్మసమాజమున ప్రవేశించిరి. దేవుడొక్కడే యనియు, ఆ దేవుని యెదుట మనుష్యులందరును సమానులే యనియు ఆ సమాజము బోధించెను. ఈ మాట ఉపన్యాసములలో చెప్పుట సులభము. చెప్పినదానిని ఇంటిగడపలోపల నడిపించుటయే కష్టము. 1889లో నాయుడుగారి భార్య పరమపదించెను. అప్పటికాయన వయస్సు ఇరువదియేడేండ్లు. ఆ వయస్సున భార్యను కోల్పోయిన పురుషుడు ఏడాది తిరుగకముందే మరల పెండ్లాడుట లోకమున సామాన్యము. నాయుడుగారు మాత్రము మరల వివాహము చేసికొనలేదు. వితంతువునకు నిషిద్ధమైన వివాహము భార్యపోయిన మగవానికి మాత్రమెట్లు తగునని ఆ కాలపు సంస్కర్తలు సభలలో ప్రశ్నించుచుండిరి. నాయుడుగారి జీవితమే ఆ ప్రశ్నకు సమాధానమాయెను. ఒంటరియైన ఆయన యింట కొలదికాలముననే ఒంటరి బిడ్డలకు చోటు దొరకెను.

మచిలీపట్టణమున నోబిలుకళాశాలలో అధ్యాపకులుగా నున్నపుడు ఆయన సంఘపవిత్రతోద్యమమును నడపిరి. ఆ దినములలో పెండ్లియైనను, అధికారి వచ్చినను భోగముమేళము లేకున్న మర్యాదలోపమని తలంచెడివారు. పెద్దలు చుట్టును కూర్చుండి చూచుచుండగా పసిబాలురు వారి ప్రక్కనే కూర్చుండెడివారు. నాయుడుగారు తమ శిష్యులను అట్టి సభలకు పోకుండ మాన్పించిరి. పోకుండుటవలన బంధువులకు కోపమువచ్చినను వెనుదీయవలదని ధైర్యము చెప్పిరి. కృష్ణాపత్రికా సంపాదకులైన ముట్నూరి కృష్ణారావుగారు, స్వాతంత్ర్యోద్యమ నాయకులైన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఈ కాలమున ఆయనయొద్ద చదివినవారే.

1899లో నాయుడుగారు సికిందరాబాదులోని మహబూబు కళాశాలకు ప్రధానాచార్యులై వచ్చిరి. అంతకు ఆరేండ్లకు ముందు, 1893లో, అమెరికాకు పోబోవుచున్న వివేకానందస్వామి ఉపన్యసించినది ఈ కళాశాలయందే. సికిందరాబాదు దండు విడిసిన ఊరు. ఉత్తరమున మేడ్చలు, శామీరుపేట మొదలుగాగల పల్లెలవారు బ్రతుకుతెరువునకై ఈ ఊరు చేరెడివారు; తెలుగు, ఉర్దూ, తమిళము, మరాఠీ మాటలాడువారందరును ఇచట కలసి యుండెడివారు. బాల్యమున నేర్చిన భాషలన్నియు నాయుడుగారికి ఇచట అక్కరకువచ్చెను. ఐదేండ్లు ఆ కళాశాలను నడపి, పిమ్మట ఆయన కాకినాడకు తరలిరి.

కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలయే నాయుడుగారి కర్మభూమి. 1919వరకు ఆయన దానికి ప్రధానాచార్యులు. ఆయన పేరు చెప్పగానే ఆంధ్రులకు మొదట స్ఫురించునది ఈ కళాశాలయే. బాలురకు మాత్రమే తెరచియున్న తరగతులలో బాలికలకును ప్రవేశము కల్పించిరి. అస్పృశ్యులని దూరముగా నుంచిన కులముల పిల్లలను చేర్చుకొని, వారికి వసతియు కల్పించిరి. పరీక్షరుసుము కట్టలేక చదువు మానుకొనబోవు విద్యార్థి యొకడున్నాడని చెవినబడిన చాలును, ఆ సొమ్ము తమ జీతమునుండి చెల్లించుచుండిరి. బడిజీతము, పుస్తకములు, ఒక్కొకప్పుడు భోజనవ్యయముకూడ ఇట్లే జరిగెడిది. నెల మొదట వచ్చిన జీతము నెల తిరుగకముందే ఈ మార్గమున కరగిపోయెడిది.

ఇల్లుకూడ అట్టిదే. నానాకులముల అనాథబాలబాలికలను ఆయన తమ యింట పెంచిరి. వారిలో హరిజనులును కలరు. వారికి వేరు పంక్తి లేదు, వేరు పాత్ర లేదు. నాయుడుగారు తెల్లని దుస్తులు ధరించి, తెల్లని తలపాగా చుట్టి కళాశాలకు నడచిపోవుచుండగా చూచి నమస్కరించిన పెద్దమనుష్యులలో పలువురు ఆ యింట మంచినీరు ముట్టుటకు జంకెడివారు. ఆ సంగతి ఆయన ఎరుగరా? ఎరుగుదురు. బిడ్డలకు మాత్రము ఆ లోపము తెలియరాదని ఆయన పట్టుదల. తాము పెంచిన బిడ్డలకు చదువు చెప్పించుటతో తమ పని తీరినదని తలంపక, యుక్తవయస్సు వచ్చినపుడు వివాహములుకూడ జరిపించిరి. కులము తెలియనివారికి సంబంధము కుదుర్చుట ఆ దినములలో ఎంతటి కార్యమో ఊహింపవలసినదే. తండ్రియైనవాడు చేయవలసిన పని అంతయు చేసినగాని తండ్రి కాజాలడు గదా!

అయితే ఒక అధ్యాపకుని జీతముతో ఎందరిని పెంపగలరు? అనాథాలయము నడుపుట దేవాలయము కట్టుటవంటిది కాదు. దేవాలయమునకు ఒకమారు విరాళములు పోగుచేసి గోపురము నిలిపినచో అది నూరేండ్లు నిలుచును. అనాథాలయమున ప్రతిదినము పొయ్యి వెలుగవలెను. పదిమంది పిల్లలున్నచో పదిమందికి బియ్యము, పప్పు, నూనె కావలెను. ఏటికి రెండుమారులు బట్టలు కావలెను. ఒకనికి జ్వరము, వేరొకనికి పలక, ఇంకొకతెకు తలనూనె. ఈ వ్యయమునకు విరామము లేదు. దీనికి తోడు, తలుపు తెరచినచో రేపు మరి ఇద్దరు వచ్చి నిలుతురు. పొమ్మనుటకు నోరు రాదు. చందాలిచ్చువారును సాధారణముగా తమ పేరు రాతిపై చెక్కించు కట్టడమునకు ఇత్తురుగాని, సాయంకాలమునకు జీర్ణమైపోవు అన్నమునకు ఈయరు. అందువలననే ఎందరో ఉత్సాహముతో మొదలుపెట్టిన శరణాలయములు రెండు మూడేండ్లలో మూతబడెను.

నాయుడుగారికి ఈ చిక్కు విడిపోవుటకు కారణమైనవారు పిఠాపురము మహారాజు శ్రీ రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరుగారు. 1885లో జన్మించిన మహారాజావారు, నాయుడుగారు కాకినాడకు వచ్చునప్పటికి ఇరువదియేండ్ల యువకులు. కళాశాల తమ వంశముయొక్క దానముతో నడచుచున్నదే. అందలి ప్రధానాచార్యుడు లోకదృష్టిలో తమ కొలువువాడు. కాని జరిగినది విపరీతము. జమీందారు శిష్యుడాయెను, అధ్యాపకుడు గురువాయెను. ఆ గురుభక్తి మాటలతో తీరలేదు. మహారాజావారు కాకినాడలో అనాథశరణాలయమును నెలకొల్పి దాని పోషణభారమును వహించిరి, బ్రహ్మమందిరమును కట్టించిరి, బీదవిద్యార్థులకును, హరిజనవిద్యార్థులకును వేతనములిచ్చి వసతిగృహములకు తోడ్పడిరి. సూర్యరాయాంధ్ర నిఘంటువునకు ద్రవ్యమిచ్చి తెలుగుభాషకు మహోపకారము చేసినవారును వీరే. అయినను, నిఘంటువుకంటె శరణాలయమే వారి దానములలో మిన్నయని చెప్పినచో పండితులు కోపింపకుందురుగాక.

గొప్పవారిని యాచించుట అందరికిని చేతనగు విద్య కాదు. యాచించువాడు చిన్నబోవుట, ఇచ్చువాడు విసుగుకొనుట లోకసహజము. నాయుడుగారి విషయమున అట్లు జరుగకపోవుటకు కారణము స్పష్టము. ఆయన తమ జీతమును ముందు ఖర్చుపెట్టి, చాలనిదానికే చేయి చాచిరి. తమకని ఒక్క రూపాయి అడుగలేదు. అడుగువాని యింటనే బిడ్డలు పెరుగుచుండుట చూచినవానికి లెక్కలు చూపవలసిన పనియేమున్నది? జమీందారుల ధనము వేటలకును, విందులకును, వ్యాజ్యెములకును ఏరులై పారుచున్న ఆ కాలమున, అందొక పాయను అనాథబిడ్డల అన్నపుపళ్లెములకు మరల్చుట ఆయన సాధించిన ఘనకార్యము.

ఆయనను తప్పుపట్టినవారు లేకపోలేదు. 1907లో వందేమాతరోద్యమము గోదావరిమండలమును ఊపివైచెను. కాకినాడలో వందేమాతరమన్న బాలుని కెంపు అను దొర కొట్టగా ఊరంతయు ఉడికిపోయెను. అట్టి సమయమున నాయుడుగారు రాజకీయోద్యమమునకు దూరముగా నుండుటయే గాక, విద్యార్థులను చదువునుండి కదలనీయరాదని తలంచిరి. ప్రభుత్వమునకు విధేయుడని దేశభక్తులు నిందించిరి. ఈ నింద పూర్తిగా అన్యాయమని చెప్పజాలము. సంఘమున తరతరాల అన్యాయమును ఎదిరించినవారు పరాయిప్రభుత్వముయొక్క అన్యాయమునెడల మెత్తగా నుండిరనుట వాస్తవమే. ఆయన దృష్టిలో మొదట తీరవలసిన దాస్యము ఇంటిలోనిది. ఇటు సనాతనులును ఆయనను విడువలేదు. కులము చెడగొట్టుచున్నాడని వారును దూరిరి. ఈ ఇరువురి నిందలకును ఆయన శరణాలయముపని ఆగలేదు.

తరగతిలో ఆయన పలుకు వినుటకు ఇతర తరగతుల విద్యార్థులును గుమికూడుదురని ప్రసిద్ధి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు, చలముగారు కాకినాడలో ఆయన ప్రభావమున పెరిగినవారే. తరువాత వారిరువురును నడచిన త్రోవలు వేరైనను, కులమును లెక్కచేయకుండుట వారికి అలవడినది ఇచటనే యని చెప్పుదురు.

1919లో ఉద్యోగవిరమణ చేసినపిదప నాయుడుగారు మద్రాసు శాసనసభలో సభ్యులైరి. 1924లో ప్రభుత్వము సర్ బిరుదమిచ్చెను. 1925 మొదలు 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. ఆ కాలముననే, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయము వేరుగా ఏర్పడెను. ప్రభుత్వపు బిరుదులెన్ని వచ్చినను, ఆంధ్రులు ప్రేమతో పిలిచినది బ్రహ్మర్షి యనియు, కులపతి యనియు. పూర్వము పదివేలమంది శిష్యులకు అన్నమిడి విద్య నేర్పిన గురువును కులపతి యనెడివారు. అన్నముతోడి చదువు గనుక ఆ పేరు ఆయనకు చక్కగా అమరెను.

వేంకటరత్నము నాయుడుగారు 1939వ సంవత్సరము మే 26వ తేదీన పరమపదించిరి. కన్నతల్లి ముఖము నెరుగని బిడ్డలు ఆనాటికి సంసారులై, తమ బిడ్డలను బడికి పంపుచుండిరి. స్వాతంత్ర్యము వచ్చినపిదప జమీందారీలు రద్దయ్యెను. 1964లో మహారాజావారును గతించిరి. పిఠాపురము రాజావారి కళాశాల ప్రభుత్వకళాశాలయై నేటికిని కాకినాడలో నడచుచున్నది. బాలురతోపాటు బాలికలును అందు చదువుకొనుచున్నారు.