నేల ఉసిరికీ పరీక్ష పెట్టిన నోబెల్ డాక్టర్

మన ఊళ్లలో ఎవరికైనా కామెర్లు వచ్చాయంటే చాలామందికి డాక్టర్ కంటే ముందు పసరు మందు గుర్తొస్తుంది. అందులో ఎక్కువగా వినిపించే పేరు నేల ఉసిరి. సైన్స్ చదివినవాళ్లు నవ్వి ఊరుకుంటారు, నమ్మినవాళ్లు ప్రశ్న అడగనివ్వరు. ఈ రెండూ చేయకుండా ఆ మొక్కని ల్యాబ్‌కి తీసుకెళ్లిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనే హెపటైటిస్‌-బి వైరస్‌ని కనిపెట్టిన బరూచ్ బ్లంబర్గ్. ఏటా జులై 28న ప్రపంచ హెపటైటిస్ దినం జరుపుతున్నది ఆయన పుట్టినరోజు కాబట్టే.

దారి మార్చారు, ఆగలేదు

బ్లంబర్గ్ 1925లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నేవీలో పనిచేశారు. 1946లో ఫిజిక్స్ డిగ్రీ పూర్తిచేసి కొలంబియా యూనివర్సిటీలో మ్యాథ్స్ పీజీలో చేరారు. లాయర్ అయిన తండ్రి సలహాతో మెడిసిన్‌కి మారి 1951లో ఎండీ పట్టా అందుకున్నారు. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో బయోకెమిస్ట్రీ డాక్టరేట్ చేశారు. బ్రాంచ్ మారితే కెరియర్ పోయినట్టే అనుకునేవాళ్లు ఈ వరస ఒకసారి చూడాలి.

వెతికింది ఒకటి, దొరికింది మరొకటి

ఒకే జబ్బు కొందరికి వచ్చి కొందరికి రాదెందుకు? ఆయన్ని పట్టుకున్న ప్రశ్న ఇదే. జవాబు కోసం రకరకాల దేశాల ప్రజల రక్త నమూనాలు పోల్చి చూసేవారు. 1960ల్లో ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కొత్త ప్రొటీన్ కనిపించింది. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టారు. మొదట దానికి ల్యుకేమియాతో సంబంధం ఉందేమో అనుకున్నారు. ఇంతలో, అంతకుముందు నెగెటివ్ వచ్చిన ఒక డౌన్ సిండ్రోమ్ పేషెంట్‌కి పాజిటివ్ వచ్చింది, అతని కాలేయం కూడా దెబ్బతింది. తర్వాత 1967లో బ్లంబర్గ్ ల్యాబ్‌లోనే పనిచేసే యువతికి ఒంట్లో బాగోలేక తన రక్తాన్ని తనే టెస్ట్ చేసుకుంటే అదే ప్రొటీన్ కనిపించింది. అది హెపటైటిస్‌-బి వైరస్ పైపొర అని తేలింది. 1969లో బ్లంబర్గ్, ఇర్వింగ్ మిల్‌మన్ కలిసి టీకా పద్ధతికి పేటెంట్ దరఖాస్తు చేశారు. 1976లో నోబెల్ వచ్చింది.

మద్రాస్‌లో 37 మంది

టీకా ఇంకా సోకనివాళ్లని కాపాడుతుంది. మరి అప్పటికే ఒంట్లో వైరస్ ఉండిపోయినవాళ్ల సంగతేంటి? ఆ వెతుకులాటలోనే బ్లంబర్గ్ మన సంప్రదాయ వైద్యంలోని మొక్కల వైపు చూశారు. సహచరులు వెంకటేశ్వరన్, మిల్‌మన్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో నేల ఉసిరి జాతి మొక్క సారం వైరస్ ఎంజైమ్‌ని అడ్డుకుంది. ఆ ఫలితాలు 1987లో అచ్చయ్యాయి. మరుసటి ఏడాది, మద్రాస్ యూనివర్సిటీకి చెందిన త్యాగరాజన్ బృందంతో కలిసి మనుషులపై చేసిన ట్రయల్ వివరాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 30 రోజులు మొక్క పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది.

కథ ఇక్కడే ఆపేస్తే అదిరిపోయే వాట్సాప్ ఫార్వర్డ్ అయ్యేది. కానీ థాయ్‌లాండ్, న్యూజిలాండ్ లాంటి చోట్ల మళ్లీ ట్రయల్స్ చేస్తే ఆ ఫలితం రాలేదు. తర్వాత ట్రయల్స్ అన్నిటినీ కలిపి చూసిన సమీక్షలోనూ గట్టి ఆధారం దొరకలేదు. నోబెల్ విజేత పేరు ఉన్నా సరే, రెండోసారి నిలబడని ఫలితం మందుగా మారలేదు.

మరి పసరుతో తగ్గినవాళ్ల మాటేంటి? హెపటైటిస్‌-ఎ లాంటి వాటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. క్రెడిట్ మాత్రం పసరుకి వెళ్తుంది. దీర్ఘకాలిక హెపటైటిస్‌-బి అలా కాదు. లక్షణాలేవీ చూపించకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని పాడుచేస్తుంది. పసరు నమ్ముకుని గడిపిన ప్రతి ఏడాదీ నష్టమే.

మనకేంటి?

ఈ వైరస్‌ని అదుపులో ఉంచే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు ఇప్పుడున్నాయి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష, చికిత్స ఉచితం. టీకా విషయంలో మనవాళ్ల పాత్రా ఉంది. ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ రీకాంబినెంట్ టీకా తెచ్చింది.

బ్లంబర్గ్ 1999లో, 74వ ఏట, నాసా ఆస్ట్రోబయాలజీ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టర్‌గా కొత్త ఉద్యోగంలో చేరారు. 2011 ఏప్రిల్ 5న నాసా ఏమ్స్ కేంద్రంలో ప్రసంగం ముగించిన కాసేపటికే కన్నుమూశారు.

ఫార్మా, క్లినికల్ రీసెర్చ్, డేటా ఉద్యోగాలకి వెళ్లాలనుకునేవాళ్లు ఆయన నోబెల్‌తో పాటు ఆ 37 మందినీ గుర్తుపెట్టుకోండి. మొదటి ఫలితం ఎంత బాగున్నా, ఇంకొకరు చేసినా అదే రావాలి. అది చూసేవాళ్లకే ఆ రంగాల్లో జీతం ఇచ్చేది. ఇంట్లో ఎవరికైనా కామెర్లు వస్తే మాత్రం ముందు రక్త పరీక్ష చేయించండి.