అడవిదున్నల కొండల్లో హైమన్‌డార్ఫ్

పాపికొండల మధ్య గోదావరి ఇరుకవుతుంది. అక్కడ రెండు గట్ల మీది కొండలను ఇంగ్లీషువారు బైసన్ హిల్స్ అన్నారు. వారు బైసన్ అన్నది మన అడవిదున్ననే. ఆ కొండల మనుషుల గురించి ప్రపంచానికి చెప్పినవారు ప్రొఫెసర్ క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో ఆస్ట్రియాలోని వియన్నాలో జన్మించారు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉంది. అందుకని శత్రుదేశస్థునిగా లెక్కగట్టి నిజాం రాజ్యంలోనే ఉండమన్నారు. ఆయన ఖాళీగా కూర్చోలేదు. 1940లో చెంచుల దగ్గరకు, 1941లో కొండరెడ్ల దగ్గరకు భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి వెళ్లారు.

కొండరెడ్లు కొండవాలులో పోడు కొట్టి, కర్రతో గుంట తీసి గింజలు వేసేవారు. గింజలు అయిపోయిన నెలల్లో జీలుగు చెట్టు, మామిడి టెంకలు కడుపు నింపేవి. ఇవన్నీ ఆయన వివరంగా రాసుకున్నారు. వెదురు, కలప వ్యాపారులు చాలీచాలని కూలి ఇచ్చి గిరిజనులను అప్పుల్లో కట్టిపడేయడం కూడా దాచకుండా రాశారు. కొండరెడ్లపై ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆదిలాబాద్ గోండుల మధ్య మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ ప్రారంభింపజేశారు. తరువాత లండన్‌లో ప్రొఫెసర్ అయినా మన ప్రాంతాలకు మళ్లీ మళ్లీ వచ్చారు. బెట్టీ 1987లో, ఆయన 1995లో కన్నుమూశారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నాయి.

ఆయన తిరిగిన కొండల్లో కొంతభాగం 2008లో పాపికొండ జాతీయ ఉద్యానవనమైంది. పులి, చిరుత, కణుజు, దుప్పి, మోకాళ్ల దాకా తెల్లగా ఉండే అడవిదున్న అక్కడ బతుకుతున్నాయి. మరోవైపు పోలవరం జలాశయం కింద ఎన్నో కొండరెడ్ల, కోయల గూడేలు ముంపులో ఉన్నాయి. గూడెం కదిలితే ఏ ఊటలో ఎండాకాలం నీరుంటుందో, దున్నలు ఏ దారిన దిగుతాయో తెలిసిన మనిషి కూడా అక్కడినుంచి కదిలిపోతాడు.

పిల్లలూ, హైమన్‌డార్ఫ్ రాసినది చాలావరకు మన తాతలు, అవ్వలు చెప్పినదే. ఆయనకు మన భాష రాదు, నేర్చుకుని విన్నారు. మీకు భాష వచ్చు, చదువూ వచ్చింది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. చెట్ల పేర్లు, జంతువుల పేర్లు, వాగుల పేర్లు మన భాషలో అడిగి రాసుకోండి. అవ్వ ఉండగానే అడగాలి.