మేజర్ ఆబిద్ హసన్ సఫ్రానీ మర్హూమ్: మనం మరువరాని హైదరాబాదీ

ఏటా ఆగస్టు 15న, జనవరి 26న మన బడిపిల్లలు గొంతెత్తి జైహింద్ అంటారు. ఆ మాట ఎవరిచ్చారని మేము తరగతిలో అడిగితే, నేతాజీ అని వెంటనే జవాబు వస్తుంది. ఆ మాటను కూర్చి నేతాజీకి అందించినది మన హైదరాబాదు బిడ్డ అని చెబితే పిల్లలు నమ్మలేనట్లు చూస్తారు. తప్పు వారిది కాదు, చెప్పవలసిన మనది. అందుకే ఈ నాలుగు మాటలు.

జైనుల్ ఆబిదీన్ హసన్ 1911లో హైదరాబాదులో జన్మించారు. తల్లి ఫఖ్రుల్ హాజియా బేగం సాహెబా గాంధీగారి పిలుపు విని తమ యింట్లోనే విదేశీ బట్టలను మంటల్లో వేయించిన ధీరురాలు. అన్నగారు బద్రుల్ హసన్ గాంధీగారి వద్ద పనిచేసినవారు. చదువంటే ఇంగ్లండే అనుకునే ఆ రోజుల్లో కొడుకు ఆంగ్లేయుల దేశం వెళ్ళడం ఆ తల్లికి యిష్టం లేకపోయింది. అందుచేత ఆబిద్ సాహెబ్ ఇంజనీరింగు చదువుకు జర్మనీ వెళ్ళారు.

అక్కడే నేతాజీ సుభాష్ చంద్రబోసు పరిచయమయ్యారు. మొదట చదువు పూర్తి చేసుకుని వస్తామనుకున్నారట. తరువాత ఆ చదువే వదులుకుని నేతాజీకి కార్యదర్శిగా, దుబాసీగా వెంట నిలిచారు. చదువు మానవద్దని రోజూ పిల్లలకు చెప్పే మాకు ఈ ఘట్టం చెప్పేటప్పుడు కొంచెం యిబ్బందిగానే వుంటుంది. అయినా దాచకుండా చెబుతాము. త్యాగం అంటే అక్కరలేనిది వదలడం కాదు గదా.

జర్మనీలో చేరిన భారత సైనికులు ఎవరి మతం ప్రకారం వారు పలకరించుకునేవారు. అందరికీ ఒకే పలకరింపు వుండాలని నేతాజీ కోరారు. ఆబిద్ సాహెబ్ ముందు హలో అని సూచిస్తే అది ఆయనకు నచ్చలేదు. ఆలోచించి ఆలోచించి చివరకు జైహింద్ అనే రెండు ముక్కలు తెచ్చారు. ఈనాటికీ మన సైన్యంలో ఆ మాట వినిపిస్తూనే వున్నది.

1943 ఫిబ్రవరిలో నేతాజీ కీల్ రేవు నుంచి జర్మన్ జలాంతర్గామిలో తూర్పుకు బయలుదేరారు. ఆయన వెంట వున్న ఒకే ఒక భారతీయుడు ఆబిద్ సాహెబ్. ఏప్రిల్ చివరలో మడగాస్కర్ దాపుల నడిసముద్రంలో, ఎగసిపడే అలల మీద రబ్బరు పడవలో వారిద్దరూ జపాను జలాంతర్గామిలోకి మారారు. రమారమి మూడు నెలల తరువాత సుమత్రా వద్ద సబాంగ్ ద్వీపంలో నేల మీద కాలు పెట్టారు. అటు పిమ్మట ఆజాద్ హింద్ ఫౌజులో మేజరుగా వుండి, 1944లో ఇంఫాల్ పోరాటంలోని ఆకలీ, అడవీ, వానా అన్నీ చూశారు.

జెండా రంగు మీద ఫౌజులో వాదం వచ్చింది. కొందరు కాషాయం అన్నారు, కొందరు ఆకుపచ్చ అన్నారు. కడకు హిందూ సోదరులు తమ పట్టు వదిలిన తీరు చూసి ఆయన మనసు కరిగింది. ఆ గౌరవంతో తమ పేరుకు సఫ్రానీ, అంటే కాషాయవర్ణం, అని చేర్చుకున్నారు. జైనుల్ ఆబిదీన్ అన్నది హజ్రత్ ఇమామ్ హుసైన్ కుమారుని పేరు. దానిని వదలలేదు, దాని పక్కనే సఫ్రానీని నిలిపారు. దీన్‌కూ దేశానికీ తగవు లేదనడానికి ఆ పేరొక్కటి చాలు.

యుద్ధం ముగిశాక ఖైదు అనుభవించి విడుదలయ్యారు. స్వతంత్ర భారతంలో విదేశాంగ శాఖలో చేరి ఈజిప్టు, డెన్మార్క్ మొదలైన దేశాల్లో పనిచేశారు. 1969లో ఉద్యోగ విరమణ చేసి, మళ్ళీ మన హైదరాబాదుకే వచ్చి స్థిరపడ్డారు. 1984లో కన్నుమూశారు.

అన్న కుమార్తె సురయ్యా హసన్‌ను ఆయన సొంత బిడ్డలా చూశారు. ఆమె నేతాజీ అన్న కుమారుని వివాహమాడారు. హిమ్రూ, మష్రూ నేతలను నిలబెట్టి, వితంతువులైన స్త్రీలకు మగ్గం పని నేర్పి అన్నం పెట్టిన ఆ తల్లి 2021లో మరణించారు. బాబాయి జ్ఞాపకార్థం ఆమె హైదరాబాదులో సఫ్రానీ పేరిట బడి కూడా పెట్టారు. దేశం కోసం చదువు వదిలినవారి పేరుతో బీదపిల్లలకు చదువు దొరకడం కంటే పెద్ద స్మారకం ఏముంటుంది?

ఈ ఆగస్టులో మీ పిల్లవాడు జైహింద్ అన్నప్పుడు, ఒక్క నిమిషం కూర్చోబెట్టి ఈ పేరు చెప్పండి. అల్లాహ్ మర్హూమ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.