పావ్లోవ్ - మాంసం పడని కుక్కలు

పావ్లోవ్ అనగానే మనకు కుక్క, గంట, నోట్లో ఊరే లాలాజలం గుర్తుకొస్తాయి. అంతకంటే ముందే ఆయన కుక్కల మీద మరో పెద్ద ప్రయోగం చేశారు. దాని గురించి తెలిసినవారు తక్కువ కాబట్టి మేము ఇక్కడ దాన్నే ఎక్కువగా రాస్తున్నాం.

ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్ 1849లో రష్యాలోని ర్యజాన్‌లో పుట్టారు. తండ్రి చర్చి పూజారి. చిన్నప్పుడు ఎత్తు నుంచి పడి దెబ్బ తగలడంతో పదకొండేళ్లు వచ్చేవరకు బడి ముఖం చూడలేదు. మతవిద్య మధ్యలో మానేసి 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరి విజ్ఞానశాస్త్రం చదివారు. తర్వాత వైద్యుడయ్యారు. 1891లో ఆ నగరంలోనే కొత్తగా పెట్టిన ప్రయోగ వైద్య సంస్థలో శరీరధర్మశాస్త్ర విభాగం ఆయన చేతికి వచ్చింది.

మనం తిన్నది అరిగాక పేగుల్లోని రక్తం నేరుగా గుండెకు వెళ్లదు. ముందు కాలేయానికి వెళ్తుంది. 1877లో ఎక్ అనే సైనిక వైద్యుడు కుక్కల్లో ఆ దారి మళ్లించాడు. కాలేయానికి వెళ్లే సిరను గుండెకు వెళ్లే పెద్ద సిరతో కలిపి కుట్టాడు. ఎనిమిది కుక్కల్లో ఒక్కటే కొన్ని వారాలు బతికింది, అదీ పారిపోయింది! కాలేయాన్ని తప్పిస్తే ఏమవుతుందో తేలనేలేదు.

పావ్లోవ్ చెయ్యి శస్త్రచికిత్సలో ఎంతో నేర్పుగలది. ఆయన చేతిలో కొన్ని కుక్కలు కోలుకున్నాయి. మామూలు తిండితో బాగానే ఉన్నాయి. మాంసం పెట్టిన తర్వాత మాత్రం కథ మారింది. చిరాకు పడటం, తూలుతూ నడవటం, చూపు పోవటం, వణుకు, మూర్ఛ, చివరికి స్పృహ తప్పటం. కొన్ని కుక్కలు ఆ తర్వాత మాంసం ముట్టలేదు. కుక్క మాంసం వద్దనడం మనం ఎక్కడైనా చూశామా?

జబ్బు కనిపించింది మెదడులో, కారణం మాత్రం రక్తంలో ఉంది. దాన్ని వెతకడానికి అదే సంస్థలోని రసాయన శాస్త్రవేత్త నెన్‌స్కీ తోడయ్యారు. మాంసంలోని ప్రోటీన్ల నుంచి పుట్టే అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చి బయటికి పంపుతుంది. దారి తప్పిన రక్తంలో ఆ పని సరిగా జరగదు. ఆ కుక్కల మూత్రంలో యూరియా తగ్గి అమ్మోనియా పెరిగింది. పేగుల నుంచి వచ్చే రక్తంలో మిగతా రక్తం కంటే అమ్మోనియా చాలా ఎక్కువని కూడా వాళ్లు కొలిచి చూపించారు. అయితే 1893లో అచ్చయిన వ్యాసంలో వాళ్లు ప్రధానంగా అనుమానించింది కార్బమిక్ ఆమ్లాన్ని. అమ్మోనియాదే పెద్ద పాత్ర అని తర్వాతివాళ్లు తేల్చారు.

ఇప్పుడు యార్క్‌షైర్ టెర్రియర్ వంటి చిన్న జాతి కుక్కలు కొన్ని పుట్టుకతోనే ఇలాంటి అడ్డదారి సిరతో పుడుతున్నాయి. పశువైద్యులు వాటి రక్తంలో అమ్మోనియా, పైత్యరస ఆమ్లాలు చూస్తారు. ప్రోటీన్ అదుపులో ఉన్న తిండి, లాక్టులోజ్ మందు ఇస్తారు. కాలేయం చెడిన మనుషులకూ ఇచ్చేది ఈ మందే. ఆ పాత కుక్కల బాధ తలుచుకుంటే మాకు కష్టంగానే ఉంటుంది. వాటి వల్ల బతికినవాళ్లూ ఉన్నారు.

జీర్ణక్రియ మీద చేసిన కృషికి పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. 1936 ఫిబ్రవరి 27న లెనిన్‌గ్రాడ్‌లో న్యుమోనియాతో మరణించారు. అంతకు ముందు ఏడాదే ఆయన కోరిక మీద ఆ సంస్థ ఆవరణలో ఒక స్మారకం కట్టారు. దాని మీద ఉన్నది కుక్క బొమ్మ.