అడా లవ్‌లేస్

అడా లవ్‌లేస్ (డిసెంబరు 10, 1815 - నవంబరు 27, 1852) ఆంగ్ల గణిత శాస్త్రవేత్త. పూర్తి పేరు అగస్టా అడా కింగ్. చార్లెస్ బాబేజ్ రూపకల్పన చేసిన అనలిటికల్ ఇంజను అనే గణన యంత్రం గురించి 1843లో వ్రాసిన వ్యాఖ్యల వలన ఈమె తొలి కంప్యూటర్ ప్రోగ్రామరుగా ప్రసిద్ధి పొందింది. 1979లో అమెరికా రక్షణ శాఖ తన సాఫ్టువేరు కొరకు ఎంపిక చేసిన ప్రోగ్రామింగు భాషకు ఈమె పేరు పెట్టారు. ఆ భాషను నిర్బంధం చేయడంపై దాదాపు రెండు దశాబ్దాలు వాదోపవాదాలు జరిగాయి.

బాల్యం, విద్య

అడా లండనులో జన్మించింది. తండ్రి ప్రసిద్ధ కవి లార్డ్ బైరన్, తల్లి ఆనీ ఇసబెల్లా మిల్‌బాంక్. అడా పుట్టిన నెల రోజులకే తల్లిదండ్రులు విడిపోయారు. 1816లో ఇంగ్లాండు విడిచి వెళ్ళిన బైరన్ మరల తిరిగి రాలేదు. ఆయన 1824లో గ్రీసులో మరణించాడు. తండ్రి స్వభావం కుమార్తెకు రాకూడదనే భయంతో తల్లి ఆమెకు చిన్ననాటి నుండే గణితం నేర్పించింది. 1829లో తట్టు సోకి, అడా చాలాకాలం నడవలేకపోయింది. తరువాత ఈమెకు మేరీ సోమర్‌విల్ మార్గదర్శకురాలయింది. మదురైలో జన్మించిన గణిత శాస్త్రజ్ఞుడు అగస్టస్ డి మోర్గాన్ ఈమెకు ఉన్నత గణితం బోధించాడు.

వివాహం

1835లో విలియం కింగ్‌తో ఈమె వివాహం జరిగింది. 1838లో ఆయనకు లవ్‌లేస్ ఎర్ల్ బిరుదు లభించడంతో ఈమె లవ్‌లేస్ కౌంటెస్ అయింది. వీరికి ముగ్గురు సంతానం.

అనలిటికల్ ఇంజనుపై వ్యాఖ్యలు

1833లో అడాకు బాబేజ్‌తో పరిచయం కలిగింది. బాబేజ్ యంత్రం గురించి ఇటలీ ఇంజనీరు మెనబ్రియా 1842లో ఫ్రెంచి భాషలో ఒక వ్యాసం ప్రచురించాడు. అడా దానిని ఆంగ్లంలోకి అనువదించి, సొంత వ్యాఖ్యలు చేర్చింది. ఇవి అసలు వ్యాసానికి సుమారు మూడు రెట్లు ఉంటాయి. చివరి వ్యాఖ్యలో బెర్నౌలీ సంఖ్యలను యంత్రంతో గణించే విధానాన్ని అంచెలంచెలుగా పట్టికలో చూపింది. ఇందులో బాబేజ్ పాత్ర ఎంత అనే విషయంపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. అంకెలనే గాక సంగీత స్వరాల వంటి వాటిని కూడా ఇటువంటి యంత్రం సంకేతాలుగా నిర్వహించగలదని గుర్తించడం అడా ప్రత్యేకత. ఆ యంత్రం మాత్రం ఆమె జీవితకాలంలో నిర్మాణం కాలేదు.

మరణం

చివరి సంవత్సరాలలో గుర్రప్పందేలలో అడా చాలా ధనం పోగొట్టుకొంది. గర్భాశయ క్యాన్సరుతో తన 36వ ఏట మరణించింది. బైరన్ మరణించినది కూడా 36వ ఏటనే. ఈమె కోరిక ప్రకారం హక్‌నాల్ గ్రామ చర్చిలో తండ్రి ప్రక్కనే సమాధి చేశారు.

అడా భాష

1970వ దశకంలో అమెరికా రక్షణ శాఖలో 450కి పైగా ప్రోగ్రామింగు భాషలు, వాటి రూపాంతరాలు వాడుకలో ఉండేవని అంచనా. ఒక ఆయుధ వ్యవస్థ కొరకు వ్రాసినది మరొక దానికి పనికివచ్చేది కాదు. నిర్వహణ ఖర్చు పెరిగిపోయేది. ఈ సమస్య పరిష్కారానికి 1975లో ఒక కార్యవర్గం ఏర్పడింది. పోటీలో నిలిచిన నాలుగు బృందాలలో జీన్ ఇక్బియా నాయకత్వంలోని ఫ్రెంచి బృందం రూపకల్పన 1979లో ఎంపికైంది. అమెరికా నౌకాదళానికి చెందిన జాక్ కూపర్ అడా పేరు సూచించగా, ఆమె వంశీకుడైన లిట్టన్ ఎర్ల్ అనుమతి ఇచ్చాడు. 1980 డిసెంబరు 10న, అంటే అడా జన్మదినాన, భాషా ప్రమాణం ఆమోదం పొందింది. దాని సంఖ్య 1815 ఆమె జన్మ సంవత్సరమే.

నిర్బంధంపై చర్చ

ముఖ్య సైనిక వ్యవస్థలకు అడా భాషనే వాడాలని రక్షణ శాఖ 1983లో ఆదేశించింది. 1990లో అమెరికా కాంగ్రెసు దీనిని చట్టంలో చేర్చింది. ఒకే భాష ఉంటే శిక్షణ, మరమ్మతు సులభమవుతాయని, చాలా తప్పులను ప్రోగ్రాము నడవక ముందే కంపైలరు పట్టుకొంటుందని సమర్థకులు వాదించారు. భాష మరీ పెద్దదని, తొలి కంపైలర్లు నెమ్మదిగా పనిచేస్తున్నాయని, వాణిజ్య రంగం సి, సి++ భాషల వైపు వెళ్తున్నందున నిపుణులు దొరకడం కష్టమని విమర్శకులు అన్నారు. ఇంతటి సంక్లిష్టత విశ్వసనీయతకే ముప్పని శాస్త్రవేత్త టోనీ హోర్ 1980లోనే హెచ్చరించాడు. 1996లో ఏరియన్ 5 రాకెట్టు తొలి ప్రయోగంలో కూలిపోయింది. ఒక సంఖ్యా మార్పిడి వద్ద రక్షణ లేకపోవడం దీనికి కారణం. ఆ సాఫ్టువేరు అడాలో వ్రాసినదే. మంచి భాష ఒక్కటే భద్రతకు హామీ కాదని ఈ ఘటన తెలిపింది.

1997లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి నివేదిక యుద్ధ వ్యవస్థలలో అడా నిబంధనను కొనసాగించి, మిగిలిన చోట్ల తొలగించాలని సూచించింది. రక్షణ శాఖ మాత్రం అదే సంవత్సరం నిర్బంధాన్ని పూర్తిగా ఎత్తివేసింది. అయినా ప్రాణరక్షణకు సంబంధించిన వ్యవస్థలలో ఈ భాష వాడకం ఆగలేదు. బోయింగ్ 777 విమానపు సాఫ్టువేరులో అధిక భాగం అడాలోనే ఉంది. భారతదేశపు తేజస్ యుద్ధ విమానం 2001 జనవరి 4న బెంగుళూరులో తొలిసారి ఎగిరింది. దాని విమాన నియంత్రణ సాఫ్టువేరును కూడా అడా భాషలోనే వ్రాశారు.