గార్ వుడ్

గార్‌ఫీల్డ్ ఆర్థర్ వుడ్ (డిసెంబరు 4, 1880 – జూన్ 19, 1971) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త, వేగపు మోటారు పడవల నిర్మాత. గార్ వుడ్ అన్న పేరుతోనే ఇతడు ప్రసిద్ధుడు. నీటిపై గంటకు 100 మైళ్ళకు (సుమారు 161 కి.మీ.) మించిన వేగాన్ని అధికారిక రికార్డుగా నెలకొల్పిన మొదటి వ్యక్తి ఇతడే. ధనికులు విహారానికి వాడే ఖరీదైన మహాగని పడవలను కూడా ఇతని కర్మాగారం తయారుచేసింది. పందెం కోసం నేర్చిన విద్యయే ఆ విహారపు పడవలకు పునాది అయినది.

బాల్యము, తొలి సంపాదన

వుడ్ అయోవా రాష్ట్రంలోని మేపుల్‌టన్‌లో, పెద్ద కుటుంబంలో జన్మించాడు. తండ్రి మిన్నెసోటా రాష్ట్రంలోని ఒసాకిస్ సరస్సుపై రేవు పడవ నడిపేవాడు. ఆ విధంగా పడవలు, ఇంజన్లు వుడ్‌కు చిన్ననాటి నుండే పరిచయం. 1911 ప్రాంతంలో బొగ్గు బండి తొట్టిని ద్రవపీడనంతో పైకెత్తి సరుకును దింపే యంత్రాన్ని ఇతడు కనిపెట్టాడు. అంతవరకు కూలీలు పారలతో చేసే పనిని ఈ యంత్రం కొద్ది నిమిషాలలో ముగించేది. నేడు ఇసుక, కంకర మోసే టిప్పర్ లారీలలో కనిపించేది ఈ సూత్రమే. దీనిపై వచ్చిన ధనమంతా తరువాతి కాలంలో నీటిపాలు అయినదని చమత్కరించవచ్చును గాని, ఆ ధనమే లేకున్న ఇతని పడవలు పుట్టేవి కావు.

ఆల్గొనాక్ పనివారు

1916లో "మిస్ డెట్రాయిట్" అనే పందెపు పడవను అప్పులు తీర్చడానికి యజమానులు అమ్మకానికి పెట్టగా వుడ్ కొన్నాడు. దానిని మిషిగన్ రాష్ట్రంలోని ఆల్గొనాక్ అనే చిన్న ఊరిలో క్రిస్ స్మిత్ నిర్మించాడు. కొద్దికాలానికే వుడ్ ఆ పడవల కర్మాగారంలోనూ వాటా తీసుకున్నాడు. స్మిత్, అతని కుమారులు, నాప్ లిసీ అనే నేర్పరియైన వడ్రంగి కలిసి వుడ్ కోసం వరుసగా పందెపు పడవలు తయారుచేశారు. వుడ్ 1917 నుండి 1921 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు అమెరికా గోల్డ్ కప్ గెలుచుకున్నాడు. కీర్తి వుడ్‌కు దక్కింది గాని, ఆ పడవల రూపంలో స్మిత్, లిసీల చేతిపనికి సమానమైన భాగం కలదు. 1922లో స్మిత్ కుటుంబం విడిపోయి సొంత సంస్థను స్థాపించింది. క్రిస్-క్రాఫ్ట్ పేరుతో లోకప్రసిద్ధమైనది అదే. లిసీ మాత్రం వుడ్ వద్దనే ఉండిపోయాడు.

పడవ నిర్మాణము

సాధారణమైన పడవ నీటిని చీల్చుకొని, తనకు అడ్డువచ్చిన నీటిని పక్కలకు నెట్టుతూ పోతుంది. వేగం పెరిగేకొలది ఈ నెట్టుడుకే శక్తి అంతా ఖర్చవుతుంది. వుడ్ పందెపు పడవల అడుగు భాగం బల్లపరుపుగా ఉండి, మధ్యలో అడ్డంగా ఒక మెట్టు ఉండేది. వేగం అందుకోగానే పడవ పైకి లేచి, మెట్టు అంచు మీద, వెనుక కొస మీద ఆనుకొని నీటిపై జారుతూ పోయేది. నీరు తాకే భాగం తగ్గడంతో ఒరిపిడి తగ్గేది. అయితే అలల తాకిడి మొత్తం ఆ కొద్ది భాగంపైనే పడుతుంది. కావున అడుగు పలకల బిగింపులో ఏమాత్రం లోపమున్నా పడవ విచ్చిపోయే ప్రమాదముండేది.

ఇంజన్ల విషయంలో మొదటి ప్రపంచ యుద్ధం వుడ్‌కు కలిసివచ్చింది. యుద్ధానంతరం మిగిలిపోయిన లిబర్టీ విమాన ఇంజన్లను ఇతడు పెద్దసంఖ్యలో కొని, పడవలకు అనువుగా మార్పించాడు. ఒక్కొక్కటి 12 సిలిండర్లతో సుమారు 400 అశ్వశక్తినిచ్చేది. "బేబీ గార్" అనే విహారపు పడవలలో ఇవే ఇంజన్లను అమర్చాడు. వీటికి మహాగని పలకలు, పొరలు పొరలుగా వేసిన వార్నిష్ మెరుపు, తోలు ఆసనాలు ఉండేవి. వీటి వేగం గంటకు 50 మైళ్ళు దాటేది. నాటి రోడ్లపై చాలా కార్లు కూడా అంత వేగంగా పోలేవు. 1925లో హడ్సన్ నదిపై ఆల్బనీ నుండి న్యూయార్కుకు ఒక బేబీ గార్ పడవలో "ట్వెంటియత్ సెంచురీ లిమిటెడ్" అనే ప్రసిద్ధమైన రైలుతో పోటీపడి గెలిచాడు. వుడ్ ప్రకటనల విద్యలోనూ దిట్టయే.

హార్మ్స్‌వర్త్ పోటీలు

1903లో మొదలైన హార్మ్స్‌వర్త్ ట్రోఫీ దేశాల మధ్య జరిగే మోటారు పడవల పందెం. పడవ, ఇంజను కూడా పోటీచేసే దేశంలోనే తయారు కావాలన్నది నియమం. 1920లో రెండు లిబర్టీ ఇంజన్ల "మిస్ అమెరికా"తో ఇంగ్లండు వెళ్ళి వుడ్ ఈ ట్రోఫీని గెలిచి తెచ్చాడు. 1933 వరకు చోదకునిగా మొత్తం ఎనిమిది సార్లు దీనిని గెలిచాడు.

వేగపు రికార్డు కోసం జరిగిన పోరు మరింత తీవ్రమైనది. 1930 జూన్ 13న ఇంగ్లండులోని విండర్‌మియర్ సరస్సుపై హెన్రీ సీగ్రేవ్ "మిస్ ఇంగ్లండ్ 2"లో 98.76 మైళ్ళ రికార్డు సాధించి, అదే రోజు పడవ తలక్రిందులై మరణించాడు. 1931 మార్చిలో వుడ్ మయామీ బీచ్ వద్ద 102.256 మైళ్ళ వేగాన్ని అందుకున్నాడు. నీటి నుండి పైకి తీసి, బాగుచేసిన ఆ "మిస్ ఇంగ్లండ్ 2"తోనే కే డాన్ ఆ రికార్డును దాటాడు.

1931 సెప్టెంబరులో డెట్రాయిట్ నదిపై వీరిద్దరు ఎదురుపడ్డారు. మొదటి పందెంలో డాన్ గెలిచాడు. రెండవ పందెంలో వుడ్ సంకేతపు తుపాకీ పేలకముందే గీత దాటగా, డాన్ అతని వెన్నంటే దాటాడు. అనుమతించిన ఐదు సెకన్ల కంటె ముందు దాటినందున ఇద్దరినీ అనర్హులుగా ప్రకటించారు. మలుపు వద్ద డాన్ పడవ బోర్లాపడింది. అదృష్టవశాత్తు అందులోని వారు ప్రాణాలతో బయటపడ్డారు. మరొక మిస్ అమెరికాను నడిపిన వుడ్ సోదరుడు జార్జికి విజయం దక్కింది. ఇది పొరపాటు కాదని, పన్నిన యుక్తి అని పలువురు విమర్శించారు. నియమాల దృష్టిలో విజయం చెల్లినా, క్రీడాధర్మం దృష్టిలో ఇది వుడ్ చరిత్రలో మాయని మచ్చ.

1932లో లిసీ తీర్చిన "మిస్ అమెరికా 10"లో నాలుగు ప్యాకార్డ్ ఇంజన్లు అమర్చారు. పొడవు 38 అడుగులు. సెప్టెంబరు 20న సెయింట్ క్లెయిర్ నదిపై ఇది 124.86 మైళ్ళ (సుమారు 201 కి.మీ.) వేగంతో పరుగెత్తింది. 1937లో మాల్కమ్ క్యాంప్‌బెల్ దాటేవరకు ఈ రికార్డు నిలిచింది. 1933లో హ్యూబర్ట్ స్కాట్-పెయిన్ ఒకే ఇంజనుతో నడిచే, లోహపు తొడుగు గల చిన్న పడవతో వచ్చి, వుడ్‌కు గట్టి పోటీ ఇచ్చి ఓడిపోయాడు. బలంతో గెలిచే పద్ధతికి కాలం చెల్లుతున్నదని ఆ పందెమే తెలిపింది.

చివరి దశ

ఆ పందెంతో వుడ్ పోటీల నుండి విరమించుకున్నాడు. మిషిగన్‌లోని మేరీస్‌విల్‌లో ఇతని విహారపు పడవల కర్మాగారం 1930లో, ఆర్థిక మాంద్యపు రోజులలో ప్రారంభమై 1947లో పడవల తయారీని నిలిపివేసింది. ద్రవపీడన యంత్రాల వ్యాపారం మాత్రం కొనసాగింది. వుడ్ ఫ్లోరిడాలో మయామీ బీచ్ పక్కనున్న ఫిషర్ ద్వీపాన్ని కొని నివసించి, 1963లో అమ్మివేశాడు. 1959లో హార్మ్స్‌వర్త్ ట్రోఫీ కెనడాకు వెళ్ళేనాటికి ఇతడు జీవించియే ఉన్నాడు. 1971లో తన 90వ యేట మయామీలో మరణించాడు.