విశాఖ చేపలకు గ్రంథరూపమిచ్చిన వైద్యుడు

విశాఖపట్నం: రెండు శతాబ్దాల క్రితం లండన్‌లో అచ్చయిన ఒక గ్రంథం శీర్షికలో మన పట్టణం పేరు ఉంది. కోరమాండల్ తీరాన వైజాగపటంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు అన్నది దాని సారాంశం. 1803లో రెండు సంపుటాలుగా వెలువడిన ఆ గ్రంథకర్త స్కాట్లాండ్ వైద్యుడు డాక్టర్ పాట్రిక్ రస్సెల్.

ఎడిన్‌బరోలో జన్మించిన రస్సెల్ 1750లో సిరియాలోని అలెప్పో చేరి దాదాపు ఇరవై ఏళ్లు వైద్యం చేశారు. 1760 నుంచి 1762 వరకు ఆ నగరాన్ని పీడించిన ప్లేగును దగ్గరగా చూశారు. ఆ అనుభవాలతో 1791లో ఒక గ్రంథం వెలువరించారు.

యాభై దాటిన వయసులో, 1781లో ఆయన భారతదేశానికి వచ్చారు. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ పాలనాధికారిగా నియమితుడైన తమ్ముడు క్లాడ్‌కు తోడుగా మాత్రమే వచ్చారు. ఉద్యోగం తరువాత వెతుక్కుంటూ వచ్చింది. కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ 1785లో మరణించగా ఆ పదవి రస్సెల్‌కు దక్కింది. పాముకాటు మరణాలు ఆయనను కలవరపరిచాయి. విషసర్పాలను సామాన్యులు గుర్తుపట్టే మార్గం కోసం పరిశోధించారు. మన పల్లెల్లో కాటుకరేకుల పొడ అని పిలిచే పామును ఆ పేరుతోనే నమోదు చేశారు. నేడు ప్రపంచం దానిని రస్సెల్స్ వైపర్ అంటోంది.

రంగు పాములకే

ఆ కాలపు చిత్రముద్రణ శ్రమతో కూడినది. చిత్రకారుడు గీసిన బొమ్మను చెక్కుడు పనివారు రాగిరేకుపై గీతలుగా చెక్కేవారు. సిరా పూసి కాగితంపై అద్దిన తరువాత, ఒక్కొక్క ప్రతికి విడివిడిగా కుంచెతో నీటిరంగులు వేసేవారు. అందువల్ల ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకేలా ఉండవు. బెర్లిన్ వైద్యుడు బ్లాక్ 1782–1795 మధ్య ఇలాగే 432 చేపల పటాలను రంగుల్లో వెలువరించారు. రస్సెల్ సర్పగ్రంథం (1796) పటాలకూ చేతిరంగులు అమరాయి. చేపలకు మాత్రం ఆ భాగ్యం కలగలేదు. రెండు వందలకు పైగా పటాలూ నల్లని గీతలతోనే వచ్చాయి. ఒడ్డున పడిన చేప కొన్ని గంటల్లోనే వన్నె కోల్పోతుందని గంగపుత్రులకు చెప్పనక్కరలేదు. ఆ మెరుపు పుస్తకందాకా చేరలేదు.

ఇంకొక లోపమూ చెప్పుకోవాలి. మూలచిత్రాలు గీసినవారు ఇక్కడి దేశీయ చిత్రకారులు. వలలు వేసి చేపలు తెచ్చి, వాటి పేర్లు చెప్పినవారు మన తీరపు మత్స్యకారులు. వారెవరో నేటి పాఠకుడికి తెలియదు. దొర పేరు నిలిచింది, వారి పేర్లు నిలవలేదు.

అయితే వారి మాటలు నిలిచాయి. కొత్త చేపలకు రస్సెల్ లాటిన్ పేర్లు పెట్టే తొందర చూపలేదు. జాలరులు చెప్పిన తెలుగు పేర్లనే ఆంగ్లాక్షరాల్లో రాసుకున్నారు. పండుగప్ప ఆయన పుస్తకంలో పండుమీను. ఆయన జెల్లో అని రాసిన చేపకు ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1829లో స్ఫైరీనా జెల్లో అని నామకరణం చేశారు. దానిని ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా నేటికీ ఆ మాటతోనే పిలవాలి. కొత్త జాతులను లోకానికి పరిచయం చేసిన ఖ్యాతి మాత్రం ఎక్కువగా తరువాతివారికే దక్కింది. రస్సెల్‌కు మిగిలినది లుట్జానస్ రస్సెలీ, డెకాప్టెరస్ రస్సెలీ వంటి చేపల పేర్లలో చోటు.

ఆయన 1789లో స్వదేశం వెళ్లిపోయారు. ఇక్కడి బాధ్యత సామర్లకోటలో మొక్కలు పెంచుతున్న విలియం రాక్స్‌బర్గ్‌కు సంక్రమించింది. రాక్స్‌బర్గ్ కోరమాండల్ వృక్షాల గ్రంథానికి ముందుమాట రాసిందీ రస్సెలే. అవివాహితుడిగానే జీవించి 1805 జూలై 2న లండన్‌లో కన్నుమూశారు. చేపల గ్రంథాన్ని మాత్రం కళ్లారా చూసుకోగలిగారు.

అందులో ఎరెగూడూ టెంకీ అని ఒక చేప ఉంది. టెంకి అంటే టేకు చేప. డచ్చి శాస్త్రవేత్త బ్లీకర్ 1859లో ఆ పదాన్ని యథాతథంగా శాస్త్రనామంలోకి ఎక్కించారు. పలకలేక విదేశీ విద్యార్థులు తంటాలు పడిన పేరది. 2020లో పరిశోధకులు అంతకు ముందే, 1849లో కాంటర్ పెట్టిన మొబులా ఎరెగూడూ అన్న పేరే చెల్లుతుందని తేల్చారు. టెంకికి తోక తెగినా, మిగిలిన తెలుగు ముక్క పుస్తకాల్లో భద్రంగానే ఉంది.